మిరపకాయలో మంట ఉందా?

(ఏలూరులో ఒక గ్రంథాలయంలో నెలనెలా జరిగే సమావేశంలో, తత్వశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం ముందుకు జరపండి బాబూ... ఆఁ, చాలు.

మామూలుగా మన సమావేశంలో టిఫిన్ చివర్లో పెడతారు. ఈసారి ముందే పెట్టమని అడిగింది నేనే. లావు బజ్జీమిరపకాయలు కాకుండా మామూలు పచ్చిమిరపకాయలతో బజ్జీలు వేయమన్నదీ నేనే. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు ఇంకా నోరు తెరిచి గాలి పీలుస్తున్నారు. మన్నించాలి. ఇవాళ్టి ప్రసంగానికి మీ నోళ్ళే ప్రయోగశాల. (నవ్వులు)

ఒక్క నిమిషం ఆ మంట మీదే మనసు పెట్టండి. అది ఎక్కడుంది? నాలుక మీద అంటారు. సరే, నాలుక కింద థర్మామీటరు పెడితే జ్వరం చూపిస్తుందా? చూపించదు. నాలుక కాలిందా? కాలలేదు, బొబ్బ లేదు. పోనీ మంట బజ్జీలో ఉందా అంటే, చల్లారిపోయిన బజ్జీ కూడా అంతే మండుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చిమిరపకాయ కొరికినా అంతే. నిప్పు లేదు, సెగ లేదు. మంట మాత్రం ఉంది. కళ్ళల్లో నీళ్ళు తెప్పించేంతగా ఉంది.

మనం చూసే రంగుకీ, వినే రాగానికీ, నోట్లో రుచికీ, ఒంటికి తగిలే సెగకీ ఒక్కో తీరు ఉంటుంది. 'నాకిలా ఉంది' అనిపించే తీరు. పాశ్చాత్య తత్వవేత్తలు దాన్ని క్వాలియా అంటారు. ఆ తీరు బయటి ప్రపంచం మీద ఆధారపడి ఉందా, లేక పూర్తిగా లోపలి వ్యవహారమా అన్నది ఇవాళ్టి విషయం. ముప్ఫై ఏళ్ళు క్లాసులో ఈ ప్రశ్న చెప్పాను. ఇటు పక్షం కొంత, అటు పక్షం కొంత చెప్పి, గంట కొట్టగానే బయటపడేవాణ్ణి. రిటైరయ్యాక గంట కొట్టేవాళ్ళు లేరు. అదీ నా ఇబ్బంది.

ముందు మంట సంగతి తేలుద్దాం. నొప్పిని మోసే నరాల చివర్లలో ఒక చిన్న ప్రోటీను తలుపు ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే ఆ తలుపు తెరుచుకుంటుంది, నరం మెదడుకు కబురు పంపుతుంది, ఇక్కడ కాలుతోందని. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ సరిగ్గా ఆ తలుపుకే మారుతాళం. వేడి లేకుండానే తలుపు తీసేస్తుంది. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ తలుపుని పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. కారం తిన్న నోటితో కాఫీ తాగి చూడండి. రోజూ తాగే వేడే, నోరు కాలినట్టుంటుంది. తలుపు అప్పటికే సగం తెరిచి ఉంది కాబట్టి. పిప్పరమెంటు బిళ్ళ సంగతీ ఇంతే. చలిని కనిపెట్టే తలుపు వేరే ఉంది, మెంథాల్ దాన్ని తీస్తుంది. బిళ్ళ చల్లగా లేదు, నోరు చల్లగా ఉంటుంది.

తెలుగులో పొయ్యిలోది మంటే, నోట్లోది మంటే, పక్కింటాయన కొత్త కారు కొంటే కడుపులో పుట్టేదీ మంటే. (నవ్వులు) మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చి గట్టిగా ఐదు వందల ఏళ్ళయింది. అంతకుముందు మనకు మిరియాలూ పిప్పళ్ళే దిక్కు. మిరియంలో ఉండే పైపరీన్ కూడా ఈ తలుపునే తడుతుందట. అంటే గుంటూరు మిర్చి యార్డు పుట్టకముందు నుంచీ మన నోళ్ళు ఈ మోసానికి అలవాటుపడ్డవే.

ఇంకో సంగతి. తోటలో పండుమిరపకాయల్ని చిలకలు నిశ్చింతగా తింటాయి. వాటికి ఓర్పు ఎక్కువై కాదు. పక్షుల్లో కూడా ఈ తలుపు ఉంది, వేడికి తెరుచుకుంటుంది, కానీ క్యాప్సైసిన్ తాళం దానికి పట్టదు. అదే కాయ, అదే రసాయనం. మనకి మంట, చిలకకి పండు. మరి మంట కాయలో ఉందని ఎలా అంటాం? 1623లో గెలీలియో ఇదే మాట పక్షి ఈకతో చెప్పాడు. ఈకతో ముక్కు దగ్గర రాస్తే చక్కిలిగింత పుడుతుంది, ఆ చక్కిలిగింత ఈకలో ఉందంటామా? రంగు, రుచి, వాసన కూడా అలాంటివే, ప్రాణిని తీసేస్తే అవీ పోతాయి అన్నాడు. ఆధునిక విజ్ఞానశాస్త్రం చాలావరకు ఆ గీత మీదే నడిచింది. బయట కొలతలు, లోపల రుచులు.

నాకు గెలీలియో కంటే దగ్గరివాడు ఒకాయన ఉన్నాడు. నిజంగానే దగ్గరివాడు. ఏడో శతాబ్దంలో మన ఆంధ్రదేశం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి రాజధానికి నైరుతి దిక్కున కొద్ది దూరంలో ఒంటరి కొండ ఒకటి ఉందనీ, బౌద్ధాచార్యుడు దిఙ్నాగుడు అక్కడ ఉండి తర్కశాస్త్ర గ్రంథం రాశాడనీ నమోదు చేశాడు. వేంగి అంటే మన పెదవేగి. ఇక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళొచ్చు. ఆ కొండ ఏదన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. మీలో ఎంతమంది పెదవేగి మీదుగా వెళ్తూ దిఙ్నాగుణ్ణి తలుచుకున్నారో నేను అడగను.

నేను చెప్పబోయేది ఆయన ఇంకో చిన్న పుస్తకం గురించి. ఆలంబన పరీక్ష. ఎనిమిదే ఎనిమిది శ్లోకాలు. సంస్కృత మూలం మొత్తంగా మనకు దక్కలేదు, టిబెటన్, చైనా అనువాదాలు మిగిలాయి. అందులో ఆయన పెట్టిన పరీక్ష ఇది. ఏదైనా ఒకటి నా అనుభవానికి విషయం కావాలంటే రెండు షరతులు తీరాలి. ఒకటి, ఆ అనుభవాన్ని అది పుట్టించాలి. రెండు, అనుభవంలో అది తన రూపంతో కనిపించాలి. పుట్టించేది, కనిపించేది ఒకటే కావాలన్నమాట. ఇప్పుడు పరమాణువులు తీసుకోండి. అవి పుట్టిస్తాయేమో, కానీ మన చూపులో పరమాణువు రూపం కనిపించదు. పోనీ పరమాణువుల కుప్ప తీసుకోండి. కుప్ప కనిపిస్తుంది, కానీ కుప్ప అనేది విడిగా ఒక వస్తువు కాదు కాబట్టి దేన్నీ పుట్టించలేదు. కంటి జబ్బున్నవాడికి కనిపించే రెండో చంద్రుడి లాంటిది అది. కాబట్టి బయటిదేదీ రెండు షరతుల్నీ కలిపి తీర్చదు, లోపలి రూపమే బయట ఉన్నట్టు కనిపిస్తోంది అంటాడు.

ఈ పరీక్షని మీ నోట్లో ఉన్న బజ్జీకి పెట్టండి. క్యాప్సైసిన్ పుట్టిస్తోంది, కానీ ఆ అణువు తన రూపంలో మీకు కనిపిస్తోందా? లేదు. కనిపిస్తున్నది మంట. ఆ మంట దేన్నైనా పుట్టించిందా? అసలు బయట అది లేనే లేదు. పుట్టించేది కనిపించదు, కనిపించేది పుట్టించదు! దిఙ్నాగుడు ఉన్న ఐదో ఆరో శతాబ్దంలో ఇక్కడ మిరపకాయ లేదు. ఉంటే చంద్రుణ్ణి వదిలేసి దీన్నే ఉదాహరణగా తీసుకునేవాడని నా నమ్మకం.

ఇంతదాకా ఒప్పుకుంటే మనం లోపలి పక్షం వాళ్ళం అయిపోయినట్టే. కానీ దిఙ్నాగుడి వాక్యాన్నే తీసుకుని దాని మెడ పట్టుకున్న ఇంకో ఆయన ఉన్నాడు. శంకరాచార్యులు, బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో. 'యదంతర్జ్ఞేయరూపం తద్ బహిర్వదవభాసతే', లోపలి రూపం బయట ఉన్నదాని వలె భాసిస్తుంది. ఇదీ వాళ్ళ మాట అని చూపించి అడుగుతాడు. 'బహిర్వత్' అన్నావు, బయటి దాని వలె అన్నావు. బయట అనేదే లేకపోతే 'వలె' అనడానికి నీకు ఉపమానం ఎక్కడిది? విష్ణుమిత్రుడు గొడ్రాలి కొడుకులా కనిపిస్తున్నాడని ఎవడైనా అంటాడా?

చిన్నప్పుడు ఇది మాటల గారడీ అనుకున్నాను. ఇప్పుడు అనుకోవటం లేదు. దొంగనోటు ఉందంటే ఎక్కడో అసలు నోటు ఉండాలి. అసలు నోట్లే అచ్చుకాని దేశంలో దొంగనోటు అచ్చేయడం సాధ్యం కాదు. మిరపకాయ మంట మోసం అని మనం ఎందుకు అంటున్నాం? ఆ తలుపు నిప్పు కోసం ఉంది కాబట్టి. నిప్పులేని లోకంలో, ఒంటిని పాడుచేసే వేడి అంటూ ఎన్నడూ లేని లోకంలో, ఇలాంటి తలుపు ప్రాణుల్లో ఎందుకు నిలిచేది? ఆ లోకంలో క్యాప్సైసిన్‌కి తీయడానికి తలుపే ఉండదు.

అయితే మీరు నన్ను ఇక్కడే ఆపాలి. ఎవరూ ఆపడం లేదు, బజ్జీల ప్రభావం కాబోలు. (నవ్వులు) దొంగనోటు వాదం వల్ల తేలింది, మంట అనుభవం ఏర్పడటానికి లోకం కారణమని. ఇప్పుడు, ఈ నిమిషం, ఆ అనుభవంలో లోకం భాగమని తేలలేదు. ఇవి వేరువేరు. మనవాళ్ళు కుండ పేరు చెప్పి ఈ తేడా బాగా చూపించారు. కుండకి కుమ్మరి కారణం, మట్టీ కారణం. కానీ కుండ తయారయ్యాక కుమ్మరి ఊరెళ్ళిపోయినా కుండ ఉంటుంది. మట్టి ఊరెళ్ళిపోతే కుండ ఉండదు. కుమ్మరి నిమిత్త కారణం, మట్టి ఉపాదాన కారణం. మన న్యాయదర్శనం వాళ్ళు, అంటే పాత తర్కశాస్త్రం వాళ్ళు, వీటికి తోడు మూడో రకం కూడా చెబుతారు, దాన్ని ఇవాళ్టికి వదిలేస్తున్నాను, లేకపోతే భోజనాల వేళ దాటిపోతుంది.

మరి లోకం మన అనుభవానికి కుమ్మరా, మట్టా? నేను ఇన్నేళ్ళూ సరిగ్గా అడగని ప్రశ్న ఇదే. 'ఆధారపడి ఉందా లేదా' అని అడిగితే ఎవరికి వారు తమకు అనుకూలమైన కారణాన్ని పట్టుకుని ఔనంటారు, కాదంటారు.

కుమ్మరే అనడానికి సాక్ష్యాలు బోలెడు. కళ్ళు మూసుకుని కనుగుడ్డు మూలని వేలితో మెల్లగా నొక్కితే వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అక్కడ వెలుగు లేదు, వేలు ఉంది. జర్మన్ శరీరశాస్త్రవేత్త యొహానెస్ మ్యూలర్ పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే దీన్నుంచి ఒక నియమం తీశాడు. నరాన్ని దేంతో కదిపామన్నది కాదు, ఏ నరాన్ని కదిపామన్నదే అనుభవం తీరుని నిర్ణయిస్తుందని. కలలు మీకు చెప్పక్కర్లేదు. కుమ్మరి మంచం ఎక్కి నిద్రపోతున్నాడు, కుండలు తయారవుతూనే ఉన్నాయి.

ఇక్కడ నా సొంత కంటి కథ ఒకటి. నాకు రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ముందు కుడికన్ను ఆపరేషన్ చేశారు, ఎడమకన్నుకి మూడు వారాల గడువిచ్చారు. కట్టు విప్పిన మర్నాడు పొద్దున దండెం మీద ఆరేసిన నా పంచె చూశాను. కుడికంటితో చూస్తే నీలిమందు కాస్త ఎక్కువ పడ్డట్టుంది. ఎడమకంటితో చూస్తే టీ డికాషన్‌లో ముంచి తీసినట్టుంది. ఒకటే పంచె, ఒకటే ఎండ. ఒక కన్ను మూస్తూ, ఒకటి తెరుస్తూ అరగంట అక్కడే నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి చూసింది. పంచెలు పచ్చబడుతున్నాయని చాలాకాలంగా నేను సబ్బుల్ని తిడుతున్నాను, సబ్బుల్ని అంటే ఎవర్నో మీకు అర్థమై ఉంటుంది. (నవ్వులు) ఆవిడ ఏమీ అనలేదు. సబ్బు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

జరిగింది చిన్న విషయమే. వయసుతోపాటు కంటి కటకం పచ్చబడుతుంది, నీలి కాంతిని మింగేస్తుంది. దాన్ని తీసి తేటగా ఉన్న కటకం పెట్టారు, నీలం మళ్ళీ లోపలికి వచ్చింది. చిత్రకారుడు క్లోడ్ మొనే కూడా 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యాక రంగులతో ఇలాగే అవస్థపడ్డాడు. నా దృష్టి ఆగింది దాని మీద కాదు. కటకం పచ్చబడటానికి ఇరవై ఏళ్ళు పట్టి ఉంటుంది. ఏ రోజూ నాకు లోకం పచ్చబడినట్టు అనిపించలేదు. కాగితం తెల్లగానే ఉంది, మల్లెపువ్వు తెల్లగానే ఉంది. ఒక్క పంచెల మీదే అనుమానం, అది కూడా కొత్త పంచె పక్కన పెట్టి చూసినప్పుడు. ఎందుకంటే మెదడు తన తెలుపుని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ వచ్చింది. కంటికి మొత్తం మీద వచ్చే కాంతి సగటు ఎటు జరిగితే, 'ఇదే తెలుపు' అనే గుర్తూ అటు జరుగుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా అంతే. మొదట్లో అంతా నీలంగా కనిపిస్తుంది, కొన్ని నెలల్లో తెలుపు మళ్ళీ తన చోటికి వస్తుంది. దృష్టి శాస్త్రవేత్తలు ఆపరేషన్ అయినవాళ్ళని నెలల తరబడి పరీక్షించి ఈ మార్పుని కొలిచారు. నాకూ అలాగే వచ్చింది. ఇప్పుడు నా పంచె మామూలు తెలుపు.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇది. ఆ ఇరవై ఏళ్ళూ నేను చూసింది తెలుపేనా? మెదడు సర్దుకుంది కాబట్టి నా అనుభవం మొదట్నుంచీ ఒకే తెలుపా? లేక అనుభవం నిజంగా పచ్చబడిందా, దానితోపాటు పాత తెలుపు జ్ఞాపకం కూడా పచ్చబడిందా? లోపల కూచుని ఈ రెంటిలో ఏదో నేను చెప్పలేను. కొలవడానికి నా దగ్గర ఉన్నది జ్ఞాపకం అనే బద్ద ఒక్కటే. ఆ బద్దే సాగిపోయి ఉంటే? 'నా అనుభూతి నాకు తెలియదా' అని మనం గుండె మీద చెయ్యేసుకుని చెప్పే మాట, దండెం దగ్గర నాకు మొదటిసారి అనుమానం కలిగించింది.

నెడ్ బ్లాక్ అనే అమెరికన్ తత్వవేత్త 1990లో ఒక ఊహ చెప్పాడు. తలకిందుల భూమి. అక్కడ ఆకాశం పసుపు, గడ్డి ఎరుపు, అన్ని రంగులూ తారుమారు. వాళ్ళ భాషా తారుమారే. పసుపు ఆకాశాన్ని 'నీలం' అంటారు. మీరు నిద్రలో ఉండగా మీ కళ్ళలో రంగుల్ని తిప్పేసే కటకాలు పెట్టి అక్కడ దించారు. లేచి చూస్తే ఆకాశం పసుపు, కటకం దాన్ని నీలం చేస్తుంది, జనమూ నీలమనే అంటారు. మీకు తేడా తెలియదు. యాభై ఏళ్ళు అక్కడే ఉన్నారు. ఇప్పుడు మీరు 'నీలం' అన్నప్పుడు ఆ మాట సూచించేది ఆ ఊరి రంగుని, అంటే పసుపుని. బయటికి సంబంధించిన అర్థం మారింది. లోపలి తీరు మాత్రం రవంతైనా మారలేదు కదా, కాబట్టి అనుభూతి లోకంతో ముడిపడినది కాదు అంటాడు బ్లాక్. బయటి పక్షంలో ఫ్రెడ్ డ్రెట్‌స్కీ, మైకేల్ టై లాంటివాళ్ళు ఉన్నారు, 1995లో చెరొక పుస్తకం రాశారు. అనుభూతి తీరు అంటే వేరే ఏమీ కాదు, మన ఇంద్రియాలు లోకాన్ని ఎలా ఉందని చెబుతున్నాయో అదే అని వాళ్ళ వాదం.

క్లాసులో నేను బ్లాక్ పక్షానికి కాస్త ఎక్కువ మార్కులు వేసేవాణ్ణి. 'లోపల మారితే మనకి తెలియకుండా ఉంటుందా' అన్న మాట చాలు అనిపించేది. ఇప్పుడు ఆ మార్కులు వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళు నేనే ఒక చిన్న తలకిందుల భూమి మీద ఉన్నాను, మారిందో లేదో నాకే తెలియదు. ఆ ఊహాప్రయోగం నిలబడేదే 'మారలేదని తెలుసు' అన్న కాలి మీద. ఆ కాలు గట్టిది కాదు. అలాగని డ్రెట్‌స్కీ గెలిచాడనీ అనను. ఆయన మాటతో కలల్ని సర్దాలంటే చాలా కుస్తీ పట్టాలి. వాళ్ళు పడతారు కూడా, చదివితే మనకి ఆయాసం వస్తుంది.

లోకం వైపు మొగ్గేలా చేసిన సాక్ష్యం నాకు వేరే చోట దొరికింది. కాన్పూర్ ఐఐటీలో చదివి అమెరికాలో స్థిరపడిన మృగాంక సూర్ ఫెర్రెట్లతో ప్రయోగం చేశారు. ఫెర్రెట్ అంటే ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న జంతువు. అప్పుడే పుట్టిన కూనల్లో, కంటి నుంచి వచ్చే నరాలు మామూలుగా వెళ్ళే చోటికి కాకుండా వినికిడి మార్గంలోకి వెళ్ళేలా చేశారు. పెద్దయ్యాక చూస్తే, వినికిడికని ఉన్న మెదడు భాగంలో, నిలువు గీతకి ఒక కణం, ఏటవాలు గీతకి ఇంకో కణం స్పందిస్తున్నాయి. ఇది చూపుకి సంబంధించిన అమరిక. 2000లో వచ్చిన ఫలితాల్లో ఇంకా ముందుకెళ్ళారు. ఆ వినికిడి భాగానికి మాత్రమే అందేలా వెలుగు చూపిస్తే, అవి శబ్దం విన్నట్టు కాదు, వెలుగు చూసినట్టు ప్రవర్తించాయి. వాటికి లోపల ఎలా అనిపించిందో మనకి తెలియదు, ఫెర్రెట్లు ప్రసంగాలు చేయవు. కానీ మ్యూలర్ నియమం ఇక్కడ ఇరుకున పడింది. ఏ నరం, ఏ భాగం అన్నది అంత ఖాయమైతే, అక్కడ వాటికి మోత వినిపించాలి. వెలుగు అనే కుమ్మరి వచ్చి, వినికిడి కోసం తొక్కి ఉంచిన మట్టితో చూపు కుండ చేసి వెళ్ళాడు.

అందుకని ప్రస్తుతానికి నేను ఆగిన చోటు ఇది. ఈ క్షణంలో మంట ఉండటానికి నిప్పు అక్కర్లేదు, నరాలూ మెదడూ చాలు. ఇందులో దిఙ్నాగుడితో నాకు తగాదా లేదు. కానీ ఆ మంట ఏమిటి, అది చల్లదనానికి ఎందుకు ఎదురు, గోరువెచ్చదనానికి ఎందుకు పక్కింటిది, ఎందుకు దాన్నుంచి చెయ్యి వెనక్కి వస్తుంది అని అడిగితే, లోకం పేరెత్తకుండా జవాబు లేదు. ఆ సంబంధాలన్నీ తీసేశాక ఇంకా మిగిలే 'ఉత్త మంట' ఒకటి ఉందా? ఉందని నా నోరు అంటోంది. నా బుద్ధి ఇంకా సంతకం పెట్టలేదు.

నీళ్ళు ఇవ్వండి. ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని) మాస్టారూ, పుట్టుకతో చూపులేనివాళ్ళకి కలలో రంగులు కనిపిస్తాయా?

మంచి ప్రశ్నమ్మా. పుట్టుకతోనో పసితనంలోనో చూపు పోయినవాళ్ళ కలల్లో శబ్దాలు, స్పర్శలు, వాసనలు ఉంటాయి, బొమ్మలు ఉండవని వాళ్ళని అడిగి తెలుసుకున్నవాళ్ళు రాశారు. ఏడేళ్ళు దాటాక చూపు పోయినవాళ్ళకి మాత్రం చాలామందికి కలలో దృశ్యాలు కనిపిస్తూనే ఉంటాయి. నా భాషలో చెప్పాలంటే, కుమ్మరి కొన్నేళ్ళు ఉండి వెళ్ళిన ఇంట్లో కుండలు తయారవుతున్నాయి, అసలు రానే రాని ఇంట్లో అవటం లేదు. నా వాదానికి ఇది బలమే. కానీ నా వాదాన్ని చెడగొట్టేది కూడా చెప్పాలి కదా. వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ ఇద్దరూ ఒక మనిషి గురించి రాశారు. ఆయనకి పుట్టుకతో రంగు చూపులో లోపం ఉంది. అంకెలు చూస్తే రంగులు కనిపించే స్వభావం కూడా ఉంది. అంకెల్లో తనకి కనిపించే కొన్ని రంగులు, లోకంలో తానెన్నడూ చూడనివని చెప్పాడు. వాటిని అంగారక గ్రహం రంగులు అన్నాడు. కుమ్మరి గుమ్మం తొక్కని కుండ! దీనికి నా దగ్గర జవాబు లేదు.

(వెనక వరుస నుంచి ఒకరు) నేను చదువుకున్నదాన్ని కాదు మాస్టారూ. మా నాన్నగారికి షుగర్ ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత ఆ లేని కాలి బొటనవేలు దురద పెడుతోందనేవారు. మేం పిచ్చి అనుకున్నాం.

పిచ్చి కాదమ్మా. కాలో చెయ్యో పోయినవాళ్ళలో చాలామందికి అది ఇంకా ఉన్నట్టే ఉంటుంది, దురద, తిమ్మిరి, నొప్పి అన్నీ ఉంటాయి. లోపలి పక్షం వాళ్ళకి ఇంతకంటే పెద్ద సాక్షి లేడు. అయితే ఇందాక పేరు చెప్పిన రామచంద్రన్ గారే 1990ల్లో ఒక చెక్క పెట్టెలో నిలువుగా అద్దం పెట్టారు. ఉన్న చెయ్యి ఒక పక్క పెడితే, దాని ప్రతిబింబం లేని చెయ్యి ఉండాల్సిన చోట కనిపిస్తుంది. లేని చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి గోళ్ళు గుచ్చుకుంటున్నాయని ఏళ్ళ తరబడి బాధపడినవాళ్ళు కొందరు, ఉన్న చేతిని తెరిచి అద్దంలో చూసుకోగానే ఆ పిడికిలి విడిపోయిందన్నారు. లోపలే పుట్టిన నొప్పి, బయట అద్దంలో కనిపించినదానికి లొంగింది. అందరికీ పనిచేయలేదు, కొందరికే. మీ నాన్నగారు ఆ దురదకి ఏం చేసేవారమ్మా?

మంచం మీద ఆ కాలు ఉండాల్సిన చోట దుప్పటి మీద గోకమనేవారు. నేనే గోకేదాన్ని.

తగ్గేదా?

ఇంకొంచెం కిందకి, ఇంకొంచెం ఎడమకి, అని చెప్పేవారు మాస్టారూ. సరిగ్గా అక్కడ గోకితే తగ్గిందనేవారు.